చేతికర్ర, సైరను

వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయంలో గాంధీగారి చేతికర్ర ఒకటి భద్రంగా ఉంది. 1929లో అక్కడి భవనానికి ఆయనే శంకుస్థాపన చేశారు. ఇప్పటి నాయకులు వచ్చి వెళ్లాక మనకు మిగిలేదేమిటి? చిరిగిన ఫ్లెక్సీ, కార్లు రేపిన దుమ్మూను. సైరను వినగానే టీకొట్టు దగ్గర పెద్దాయన గ్లాసు మీద అరచెయ్యి మూసి, "పన్ను మనది, హారను వాళ్లది" అంటాడు.

పక్కనే చీరాలలో, 1921లో, మునిసిపాలిటీ పన్ను కట్టబోమని జనం ఇళ్లే వదిలేశారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట నడిచి, రామనగర్ అని పేరు పెట్టుకుని వేసుకున్న పాకల్లో నెలల తరబడి ఉన్నారు. మనం అంత దూరం పోనక్కర్లేదు. వీధిలో గుంత పూడ్చమని పంచాయతీలో ఒక అర్జీ ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోవడం మాత్రం మరిచిపోకండి.