మిగిలినది ఎవరిది?

రసం పిండిన నిమ్మడొప్ప వ్యర్థమా అన్న ప్రశ్న పైకి పారిశుద్ధ్యానికి సంబంధించినదిగా కనిపించినా, వస్తువు విలువ వస్తువులోనే ఉంటుందా, వాడుకొనేవారి అవసరంలో ఉంటుందా అన్న తాత్త్విక చర్చకు అది దారి తీస్తుంది. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి దూరప్రాంతాలకు నిమ్మకాయలు పంపే నెల్లూరు సీమకు ఈ ప్రశ్న పరాయిది కాదు. ఊరగాయ పెట్టే ఇంట తొక్కే అసలు పదార్థం. అమ్మవారి గుడిలో పిండిన డొప్పను తిరగేసి, పైతొక్క లోపలికి వచ్చి గిన్నెలా అమరాక నూనె పోసి వత్తి వెలిగిస్తే అది దీపం. దిష్టి తీసి కూడలిలో పారవేస్తే అదే కాయ ఎవరూ దాటడానికి ఇష్టపడని వస్తువు. కాబట్టి వ్యర్థత్వం తొక్కకు ఉన్న గుణం కాదు, దానితో మనిషికి ఉన్న సంబంధం తెగిపోయిన స్థితి మాత్రమే.

ఆ సంబంధాన్ని చర్మసంరక్షణ పరిశ్రమ నేడు మళ్లీ కలుపుతున్నది. తొక్క మీద సన్నని చుక్కల్లా కనిపించే తైలగ్రంథుల్లో లిమోనీన్ ప్రధానంగా గల సుగంధ తైలం ఉంటుంది. లోపలి తెల్లని పొరలో, 1825లో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రాకొనో వర్ణించిన పెక్టిన్, అంటే నీటిని పట్టి ఉంచి జిగురుగా మారి లేపనానికి చిక్కదనమిచ్చే పదార్థం, ఉంటుంది. మామిడి టెంకలోని జీడి నుంచి తీసే కొవ్వు శరీరపు వేడికి మెత్తబడి చర్మానికి చక్కగా పట్టుతుంది. నారింజ తొక్కలు ఎండబెట్టి సున్నిపిండిలో కలిపిన తెలుగు ఇళ్లకు ఇందులో కొత్తదనం తక్కువే.

అయితే సహజమైనదంతా హితమైనది కాదు. నిమ్మతొక్కను పిండి తీసిన తైలంలో బెర్గాప్టెన్ వంటి ఫ్యూరనోకౌమరిన్లు, అంటే సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మాన్ని దెబ్బతీసే సమ్మేళనాలు, ఉంటాయి. ఆ తైలం పూసుకొని ఎండలోకి వెళితే చర్మం కమిలి, బొబ్బలెక్కి, నల్లమచ్చలు మిగలవచ్చు. ఆవిరి పట్టి తీసిన తైలంలోకి ఇవి దాదాపుగా రావు. రొయ్యల గుంటల గట్ల మీద, పడవల మీద పగలంతా గడిపే తీరవాసుల విషయంలో ఈ తేడాను ఉపేక్షించడం హింసే అవుతుంది.

మిగిలినదాని విలువను గురించి మహాభారతం అశ్వమేధపర్వంలోని ముంగిస కథ చెప్పినంత సూటిగా మరొకటి చెప్పదు. నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానకవి తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో అశ్వమేధపర్వమూ ఒకటి. కోసిన చేలలో రాలిన గింజలు ఏరుకొని బతికే సక్తుప్రస్థుడు కరవుకాలంలో దొరికిన కాస్త పేలపిండిని భార్య, కొడుకు, కోడలితో పంచుకోబోయి, వచ్చిన అతిథికి ఒకరి తరువాత ఒకరుగా నలుగురి పాళ్లూ పెట్టించాడు. అక్కడ రాలిన పిండిలో పొర్లిన ముంగిసకు సగం శరీరం బంగారమయింది. మిగిలిన సగం కోసం అది ధర్మరాజు అశ్వమేధశాలలో పొర్లినా మేను మారలేదు. రెండు చోట్లా శేషం ఉన్నది. ఆ శేషానికి ముందు జరిగిన దానంలోనే తేడా ఉన్నది.

ఈ దృష్టితో చూస్తే, వ్యర్థం నుంచి వచ్చిందన్న ఒక్క కారణంతో ఏ లేపనమూ పవిత్రం కాజాలదు. ధర పడిపోయినప్పుడు కోతకూలి కూడా గిట్టక కాయలు చెట్ల కిందే కుళ్లిపోతుంటే, పట్నంలో తొక్కకు వెల కట్టే వ్యాపారం ఆ రైతుకు ఏమి మిగిల్చిందన్నదే మొదటి ప్రశ్న కావాలి. నేలకూ ఇందులో పాలున్నది. తైలం, పెక్టిన్ తీసుకున్నాక మిగిలే పిప్పి కంపోస్టుగా మాగి తోటకు చేరవలసి ఉండగా, దానిని కాలువ పాలు చేసే కర్మాగారం ఒక చోటి చెత్తను మరొక చోటికి మార్చినదే అవుతుంది.