మీరేవిట్లు?

తెలుగునాట ప్రయాణం చేసేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మీరేవిట్లు?" భాష తెలియనివాడు వింటే యోగక్షేమం కనుక్కుంటున్నారనుకుంటాడు. అడిగేవాళ్లు కూడా నవ్వుముఖంతోనే అడుగుతారు. దీనికి జవాబు చెప్పాల్సిన బాధ్యత మనకుందా? అబద్ధం చెబితే అది తప్పా? చెప్పకుండా తప్పుకుంటే పిరికితనమా? ఈ ప్రశ్నలు నాకు పుస్తకాల్లోంచి రాలేదు. తిరువూరు నుంచి హైదరాబాదు పోయే రాత్రి బస్సులోంచి వచ్చినయ్.

మాది తిరువూరు పక్కన మాదిగపేట. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడు. అసెంబ్లీలో మా సీటు మాకు రాజ్యాంగం ఇచ్చింది. బస్సులో సీటు సంగతి వేరు. మా నాయన మామిడితోటల్లో కాపలా. కాయ దిగే రోజుల్లో కోతకి, మిగతా రోజుల్లో పత్తికీ మిరపకీ పోయేవాడు. ఆయనకి బస్సంటే ఎర్రబస్సే. పట్నమోళ్లు మొరటుమనిషిని వెక్కిరించాలంటే "ఎర్రబస్సెక్కొచ్చాడు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తది. మా తాతలకి ఆ ఎర్రబస్సు ఎక్కడమే పెద్ద పని. ఊళ్లో అరుగు ఎవరిదో, బావి ఎవరిదో, హోటల్లో గ్లాసు ఎవరిదో రాసిపెట్టి ఉన్నకాలంలో, మనిషిమనిషికీ ఒకే రేటుకి టికెట్టు కొట్టిన మొదటి చోటు అదే.

అయినా మా నాయన కూర్చునేవాడు కాదు. ఊరి ఆసామి పక్కన సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. "డబ్బులిచ్చావుగా, కూచో నాయనా" అంటే "ఉండవే, దిగింతర్వాత పొద్దున్నే ఆయన తోటకే పోవాల" అనేవాడు. ఒక్కమాటలో ఎంత రాజకీయం చెప్పాడో ఆయనకి తెలియదు. బస్సులో సమానత్వం బస్టాపు దాకానే. దిగాక భూమి ఎవరిదో వాడిదే రాజ్యం.

1853లో మార్క్స్ మనదేశపు రైళ్ల గురించి రాస్తూ, రైలుమార్గం వెంట వచ్చే ఆధునిక పరిశ్రమ కులానికి ఆధారమైన వంశపారంపర్య పని విభజనను కరిగిస్తుందని ఆశపడ్డాడు. 1909లో గాంధీ 'హింద్ స్వరాజ్'లో రైళ్లు దేశానికి చేటు అన్నాడు. ఒకాయన రైలును నమ్మాడు, ఒకాయన రైలును తిట్టాడు. రైలొచ్చింది, బస్సొచ్చింది. కులం దిగిపోలేదు, టికెట్టు కొనుక్కుని తనూ ఎక్కింది.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో 1901 నాటి ప్రయాణం చెప్తాడు. సాతారా నుంచి కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి పిల్లలు బయల్దేరారు. మసూర్ స్టేషన్లో దిగారు. మంచి బట్టలు తొడుక్కున్నారు గనక స్టేషన్ మాస్టరు బ్రాహ్మణ పిల్లలనుకుని ఆప్యాయంగా పలకరించాడు. ఎవరని అడిగాడు. మహర్లమన్నారు. అంతే, ముఖం మారిపోయింది. బండివాళ్లు రామన్నారు. రెట్టింపు డబ్బిచ్చి, బండి పిల్లలే తోలుకునే ఒప్పందం మీద ఒకడు ఒప్పుకున్నాడు. రాత్రంతా దాహం. మంచినీళ్లు పోసినవాడు లేడు. మసూర్‌కీ తిరువూరుకీ ఎంత దూరమో గానీ, స్టేషన్ మాస్టరు వేసిన ప్రశ్నకీ మన "ఏవిట్లు"కీ దూరమేం లేదు.

నేను ఉద్యోగానికి హైదరాబాదు మొదటిసారి పోయింది స్లీపర్ బస్సులో. ఆ బస్సులో ఒకపక్క ఒంటి బెర్తులు, ఇంకోపక్క జంట బెర్తులు. జంట బెర్తులో పక్కన ఆడమనిషి ఉంటే ఆడమనిషికే టికెట్టిస్తారు. టికెట్టు రాసేవాడు ఆడా మగా అని అడిగాడు తప్ప కులం అడగలా. ఆ మేరకు బస్సు ఊరికంటే నయం.

నా పక్కన ఒక పెద్దావిడ. ఎక్కగానే నా సంచి పైకి సర్దింది. జంతికల డబ్బా తీసి చేతినిండా పెట్టింది. "కొత్త ఊరు, ఒక్కదానివే పోతున్నావు, భయపడమాక" అన్నది. మా అమ్మే పక్కనున్నట్టయింది. బస్సు ఊరు దాటిందో లేదో అడిగింది.

"మీరేవిట్లమ్మా?"

"మాదిగలం పెద్దమ్మా."

"అట్లాగా" అన్నది. జంతికలు ఇంకా నా చేతిలోనే ఉన్నయ్. డబ్బా మూతపడింది. కాసేపటికి క్లీనర్ని పిలిచి ఇంకో బెర్తుందేమో అడిగింది. "లేదమ్మా, ఫుల్లు" అన్నాడు. తన సంచి కిందకి దించి మా ఇద్దరి మధ్యన పెట్టుకుని అటు తిరిగి పడుకుంది. నన్ను ఒక్కమాట అనలేదు. తెల్లారి ఎల్బీనగర్లో దిగేటప్పుడు "జాగ్రత్తమ్మా" అని కూడా అన్నది.

దీన్ని నేరమందామా? 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 చట్టం బస్సులూ బండ్లూ అందరివీ అన్నది. నన్నెవరూ బస్సు దిగమనలేదు. నా బెర్తు నాకే ఉంది. మధ్యన పెట్టిన సంచి మీద ఏ పోలీసుస్టేషన్లో కేసు పెడతాం?

నడిరాత్రి డ్రైవరు సడన్ బ్రేకు వేస్తే ఆవిడ నిద్రలో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మిత్రులు మెత్తబడతారు. "చూశావా, లోపల మనిషే" అంటారు. నేనొప్పుకోను. నిద్రలో పట్టుకున్న చెయ్యికి నీతి లేదు. నీతి మేలుకున్నవాళ్లకి సంబంధించింది. మేలుకున్నప్పుడు ఆ చెయ్యి డబ్బా మూతపెట్టింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. అదే అసలు చిక్కు. కులానికి చెడ్డవాళ్లు అక్కర్లేదు, మంచివాళ్ల చేత కూడా పని చేయించుకుంటది. అందుకే మంచితనం పెంచితే కులం పోతుందనే మాట నేను నమ్మను.

అమెరికాలో నల్లవాళ్లని బస్సులో వేరే కూర్చోబెట్టడానికి చట్టముండేది. 1955 డిసెంబర్ 1న మాంట్‌గోమరీలో రోసా పార్క్స్ సీటు వదలనన్నది. 381 రోజులు బస్సులెక్కకుండా నడిచి ఆ చట్టాన్ని పడగొట్టారు. అక్కడ ఒంటిరంగే చెబుతుంది గనక అడగక్కర్లేదు. ఇక్కడ ముఖం చూస్తే తెలియదు. అందుకని మన దేశంలో రంగు చేసే పనిని ప్రశ్న చేస్తుంది. ప్రశ్న పడేదాకా మనిషిమి, జవాబు చెప్పాక మాదిగలం.

మరి చెప్పకపోతే? "అడక్కపోతే చెప్పొద్దు, అడిగితే మాట మార్చు" అని అమ్మ నాకు బస్టాండులో చెప్పిన నీతి. ఇది అబద్ధం నేర్పడమేనా? ఆలోచిస్తే నాకట్లా తోచలేదు. అవతలి మనిషికి ఏ నిజం మీద హక్కుందో ఆ నిజాన్ని దాస్తే అబద్ధం. నా కులం తెలిస్తే బస్సు చార్జీ మారుతుందా, దారి మారుతుందా? నన్నెంత దూరంలో పెట్టాలో కొలుచుకోవడానికి తప్ప ఆ జవాబు ఎందుకూ పనికిరాదు. దొంగ వచ్చి డబ్బెక్కడుందంటే చూపించనివాణ్ణి అబద్ధాలకోరు అనం. బాబాసాహెబ్ కూడా 1917లో బరోడాలో తలదాచుకోను చోటులేక పార్సీల సత్రంలో పార్సీ పేరుతో ఉన్నాడు. పదకొండోనాడు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. పార్కులో కూర్చుని ఏడ్చాడు. అంత చదువు చదివొచ్చిన మనిషిని పేరు దాచుకునేలా చేసిన లోకానిదా తప్పు, ఆయనదా?

కాకపోతే దాపరికానికి ఖరీదుంది. దాచుకున్నవాడికి నిద్ర ఉండదు. ఏ మాట జారుతుందో, ఏ ఊరివాడు కనపడతాడో అని కాపలా కాసుకోవాల. స్లీపర్ బస్సులో మనం డబ్బిచ్చి కొనుక్కునేదే నిద్ర. ముక్కూమొహం తెలియని ముప్పైమంది మధ్య కళ్లు మూసుకోవడమంటే వాళ్లని నమ్మడం. నేను చెప్పుకుని సంచి పక్కన పడుకున్నాను. దాచుకుంటే జంతికలు తిని మేలుకునుండేదాన్ని.

పట్నంలో ఎవరికెవరు తెలియదు, అక్కడ కులముండదంటారు. నేను అద్దెగది కోసం తిరిగినప్పుడు అదే ప్రశ్న మారువేషంలో వచ్చింది. "ఇంటిపేరేంటి?" "నీసు తింటారా?" తెలియకపోవడం సమానత్వం కాదు. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బెంగుళూరు నుంచి హైదరాబాదు వచ్చే ప్రైవేటు బస్సు తగలబడి 45 మంది పోయారు. ఎవరు ఎవరో డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే తప్ప తెలియలేదు. చావు ముందు అందరూ ఒకటే అన్నారు. గుర్తుపట్టలేనంతసేపే ఒకటి. గుర్తుపట్టాక ఎవరి శ్మశానం వాళ్లదే. బూడిదైతే తప్ప దొరకని సమానత్వం మనకెందుకు?

పేరు తెలిస్తే ఏమవుతుందో తమిళనాడు చూసింది. 1997లో అక్కడి ప్రభుత్వం ఒక రవాణా సంస్థకి దళిత వీరుడు సుందరలింగం పేరు పెట్టింది. ఆ పేరున్న బస్సెక్కమని పైకులాలు గొడవకి దిగినయ్. చివరికి ప్రభుత్వం రవాణా సంస్థలన్నిటికీ నాయకుల పేర్లు తీసేసింది. ఒక్క దళితుడి పేరు మోయలేక అందరి పేర్లూ చెరిపేసుకున్నారు. మన దగ్గర 1991లో చుండూరులో గొడవ మొదలైంది సినిమాహాల్లో కాలు తగిలిందని. ఇద్దరిదీ టికెట్టే. ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు కొట్టేసింది.

"ఎక్కడైనా సరే చెప్పాల్సిందే, దాస్తే వాళ్లు గెలిచినట్టే" అంటాడు ఉద్యమంలో ఉన్న నా మిత్రుడు. నేను చెప్పినదాన్నే. అయినా అర్ధరాత్రి ఒంటరిగా పోయే పిల్లకి దాన్ని ఆజ్ఞగా ఇవ్వలేను. ధైర్యం ఒంటిమనిషి దగ్గర అప్పు వసూలు చేసేది కాదు, పదిమంది కలిసి పోగేసి ఇచ్చేది. 1994 జులై 7న ఈదుముడిలో దండోరా మోగింది. పేరు చివర మాదిగ అని మనవాళ్లు రాసుకోవడం మొదలుపెట్టారు. అది తెగింపు ఒక్కటే కాదు, తర్కం కూడా. అడగకముందే జవాబు చెప్పేస్తే ప్రశ్నకి పనిలేదు. అయితే ఒక్కడు రాసుకుంటే అది గురి. వేలమంది రాసుకుంటే అది గొడుగు.

మా పేట పిల్లలు ఇప్పుడు చదువులకీ ఉద్యోగాలకీ రాత్రి బస్సులెక్కుతున్నారు. చెప్పాలా వద్దా అని నన్నడుగుతారు. చెప్పడం మీ హక్కు, దాచుకోవడం మీ అవసరం, రెంటిలో ఏదీ పాపం కాదంటాను. ఒక్కటి మాత్రం అలవాటు చేసుకోమంటాను. ఎవరన్నా "మీరేవిట్లు?" అంటే, జవాబుకి ముందు మర్యాదగానే "తెలుసుకుని ఏం చేస్తారు?" అని అడగండి. తరాల తరబడి సంజాయిషీ మనం చెప్పుకుంటున్నాం. ఇక అడిగినవాళ్లు చెప్పాల.