మోడులో మిగిలిన ప్రాణం



తాటిచెట్టు మొవ్వు నరికితే చెట్టు చచ్చిపోతుంది. చింతను మొదలంటా నరికినా మోడు మళ్ళీ చిగురిస్తుంది. రాజాం చుట్టుపక్కల పల్లెల్లో ఇది పిల్లలకు కూడా తెలిసిన సంగతే. యెషయా ప్రవక్తకు దేవుడు చెప్పిన మాట అర్థం కావాలంటే ఈ తేడా తెలియాలి. తన ప్రజ నరికిన చెట్టులా కూలుతుందనీ, అయినా సింధూర వృక్షానికి మోడు మిగిలినట్లు వారిలో పవిత్రమైన విత్తనం మిగులుతుందనీ ఆ మాట (యెషయా 6:13).

సింధూరం మన పొలాల్లో కనబడే చెట్టు కాదు. పవిత్ర భూమిలోని సున్నపురాతి కొండలమీద పెరుగుతుంది. బొర్రా గుహలు చూసినవారికి ఆ రాయి తెలుసు. అక్కడి సింధూరాల్లో ఒక జాతి ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. ఆకులు చిన్నవి, దళసరివి, అంచుల్లో ముళ్ళు. తరతరాలుగా జనం దాన్ని బొగ్గుకోసం నరికారు, మేకలు చిగుళ్ళు మేశాయి. అందుకే చాలాచోట్ల అది పొదగానే మిగిలింది. నరకడం, మేపడం ఆగినచోట ఆ పొదే మెల్లగా మానవుతుంది.

అబ్రహాము ముగ్గురు అతిథులకు చెట్టునీడలో అన్నం పెట్టిన మమ్రే, హెబ్రోను దగ్గరే ఉంది. యాత్రికులు అబ్రహాము చెట్టని చూసివచ్చే ముసలి సింధూరం అక్కడ ఒక రష్యా ఆర్థడాక్స్ మఠం స్థలంలో ఉండేది. 1996లో అది చచ్చిపోయిందన్నారు. 1998లో దాని వేరునుండి పిలక లేచింది. పాత మాను మాత్రం 2019లో కూలిపోయింది.

మన ఇళ్ళలోనూ మోడులున్నాయి. గట్టు తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ములు, పనికోసం చెన్నై, హైదరాబాదు వెళ్ళి గుడిని మరచిన కొడుకు, తాగుడులో మునిగిన తండ్రి. “వాడు మాకు లేనట్టే” అని ఎంత సులువుగా అనేస్తాం! ఆ మాటకు తొందరపడకండి. మనకు కనబడేది మోడు. దేవునికి కనబడేది వేరు.

అయితే లేచిన చిగురును మేక మేస్తే చెట్టు ఎదగదు. ఏళ్ళ తరువాత ఇంటికొచ్చిన కొడుకును గుమ్మంలోనే పాత లెక్కలడగడం, తాగుడు మానిన మనిషిని “ఎన్నాళ్ళులే” అని ఎగతాళి చేయడం, పలకరించిన తమ్ముణ్ణి చూసి ముఖం తిప్పుకోవడం - ఇవన్నీ చిగురు మేయడమే. ఆ మేకను మనమే కట్టేసుకోవాలి.

యెష్షయి మోడునుండి చిగురు పుడుతుందని అదే ప్రవక్త చెప్పాడు (యెషయా 11:1). ఆ చిగురే మన యేసు ప్రభువు. ఈ వారం కుటుంబ ప్రార్థనలో, మీరు ఆశ వదులుకున్న ఒకరి పేరు చెప్పి ప్రార్థించండి. తరువాత మీరే ముందుగా పలకరించండి. ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.