మొసలి వదిలాక కాలి సంగతేంటి?



గజేంద్ర మోక్షం వీడియో చూసి మా అమ్మ ఒక ప్రశ్న అడిగింది. "స్వామి వచ్చాడు, చక్రంతో మొసలి తల తెంచాడు, బాగానే ఉంది. వెయ్యేళ్లు దాని నోట్లో నలిగిన కాలు ఏమైందిరా?"

సరదాకి అడగలేదు. నడుములో డిస్క్ జారి, ఎడమ కాలికి వెళ్లే నరం నొక్కుకుపోతే ఆపరేషన్ చేయించాం. అప్పటికి 7 వారాలైంది. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వకుండా పిక్క దాకా లాగిన నొప్పి మూడో రోజుకే చాలావరకు పోయింది. బొటనవేలి దగ్గర తిమ్మిరి మాత్రం అలాగే ఉంది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. "డాక్టరుగారు బాగా చేశామన్నారు, నాకే తగ్గట్లేదు. ఏ జన్మలో ఏం పాపం చేశానో" అని రోజూ అదే మాట.

నిజంగా అది పాపమేనా? ఒక్కసారి ఆలోచిద్దాం.

ఆపరేషన్‌లో నరం మీద పడ్డ డిస్క్ ముక్కను తీసేస్తారు. అంతవరకే వాళ్ల చేతిలో ఉన్న పని. నలిగిన నరం కోలుకోవడం వేరే పని, దానికి దాని టైమ్ పడుతుంది. కొద్దిగా నలిగితే వారాల్లో తేరుకోవచ్చు. లోపలి పోగులే దెబ్బతింటే అవి తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, అంటే నెలకి 3 సెంటీమీటర్లు. నడుము నుంచి పాదం ఎంత దూరమో చూసుకోండి! అందుకే చాలామందికి నొప్పి ముందు పోతుంది, తిమ్మిరి, నీరసం నెమ్మదిగా తగ్గుతాయి. కొందరికి కొంత మిగిలిపోవచ్చు కూడా. ఇందులో పాపం ఎక్కడుందండీ?

కర్మ అంటే మనకి వెంటనే పోయిన జన్మే గుర్తొస్తుంది. ఆ మాటకి అసలు అర్థం పని. ఇవాళ్టి పని మన చేతిలోనే ఉంది. డాక్టరు చెప్పినంత నడవడం, నేర్పిన వ్యాయామం చేయడం, వద్దన్నప్పుడు వంగకుండా, బరువు ఎత్తకుండా ఉండటం. కింద కూర్చోలేకపోతే కుర్చీలో కూర్చునే దీపం పెట్టుకోండి, అపచారమేం కాదు.

అలాగని ప్రతిదీ ఓర్చుకోకూడదు. మూత్రం ఆగిపోయినా, మల మూత్రాల అదుపు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, కాలి బలం ఉన్నట్టుండి తగ్గినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము పట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఓర్పు పుణ్యం కాదు, ప్రమాదం.

ఇందులో నా తప్పూ ఒకటుంది. రోజూ పొద్దున్నే "తగ్గిందా అమ్మా?" అని అడిగేవాణ్ణి. ప్రేమగానే అడిగాను. కానీ ఆవిడకి అది పరీక్షలా ఉండేది. నన్ను బాధపెట్టడం ఇష్టం లేక కొన్నిరోజులు "తగ్గిందిరా" అని అబద్ధం చెప్పిందట. ఆ మాట తెలిశాక అడగడం మానేశాను. ఇప్పుడు "ఇవాళ ఎంతదూరం నడుద్దాం?" అంటున్నాను.

మరి గజేంద్రుడి కాలి సంగతి? స్వామి చెయ్యి తగిలి అతనికి అన్నీ ఒకేసారి తీరిపోయాయి. "నీకు మొసలి వదిలిందమ్మా, కాలికే ఇంకాస్త టైమ్ కావాలి" అన్నాను.

కాసేపు పాదం వంక చూసుకుంది. "సరే, చెప్పులు తే. వీధి చివరిదాకా వెళ్లొద్దాం" అంది.

శుభం.