గుణించే ముందు ఒక్క ప్రశ్న

నాయనా, లెక్క కనబడగానే గుణించేయాలని నీ చెయ్యి తొందరపడుతుంది. అనులోమానుపాతంలో గుణకారం చివరి పని. అంతకు ముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ రాశి దేన్నిబట్టి పెరుగుతోంది, దాని ఎన్నో ఘాతాన్నిబట్టి?

మన ఉరవకొండ, కళ్యాణదుర్గం చుట్టుపక్కల తిరిగే గాలిమరలనే తీసుకో. సెకనుకు 6 మీటర్ల గాలికి ఒక మర 270 కిలోవాట్లు ఇస్తోందనుకో. గాలి అలాగే నిలకడగా వీస్తే గంటకు 270 యూనిట్లు, నాలుగు గంటలకు 1,080. ఇది నీకు వచ్చిన లెక్కే.

గాలి 8 మీటర్ల వేగం అందుకుంటే? త్రైరాశికం వేసి 360 అనేస్తారు చాలామంది. అది తప్పు. కదిలే గాలిలోని శక్తి వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. పైగా వేగం పెరిగేకొద్దీ సెకనుకు రెక్కల మీదికి వచ్చే గాలీ ఎక్కువవుతుంది. రెండూ కలిసి, సామర్థ్యం వేగం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 270ని 6 ఘనం 216తో భాగిస్తే స్థిరాంకం 1.25. దాన్ని 8 ఘనం 512తో గుణించు, 640 కిలోవాట్లు!

రెక్క పొడవు లెక్క వేరు. రెక్కలు తిరిగే వలయం వైశాల్యం పొడవు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. 40 మీటర్ల రెక్క బదులు 60 మీటర్లది పెడితే అదే గాలిలో రెండుంబావు రెట్లు శక్తి అందుతుంది.

ఈ ఘాతాలు పరీక్ష మార్కులతో పోయేవి కావు. గాలి వేగాన్ని పది శాతం ఎక్కువగా అంచనా వేస్తే, కరెంటు 33 శాతం ఎక్కువ వస్తుందని లెక్క తేలుతుంది. అందుకే మరలు నిలబెట్టే ముందు నెలల తరబడి గాలిని కొలుస్తారు.

సూత్రానికీ హద్దుంది నాయనా. పై లెక్కన 16 మీటర్ల గాలికి 5,120 కిలోవాట్లు రావాలి. మర గరిష్ఠ సామర్థ్యం 2,000 అయితే అంతకు మించి ఇవ్వదు; రెక్కల కోణం మార్చుకుని అదనపు గాలిని వదిలేస్తుంది. వేగం 25 మీటర్లు దాటితే చాలా మరలు భద్రత కోసం ఆగిపోతాయి.

కాబట్టి ముందు సంబంధం రాయి, తర్వాత స్థిరాంకం కట్టు, ఆపైన గుణించు, చివర హద్దు చూసుకో. ఈ వరస తప్పకు. ఎంతటి లెక్కయినా నీకు లొంగుతుంది.