చెరిపేస్తానన్న మాట

పోయిన దసరాకి మా అబ్బాయి బెంగుళూరు నుంచి వస్తూ వస్తూ ఇంటర్నెట్టు పెట్టె కొత్తది ఒకటి పట్టుకొచ్చాడు. రౌటరంటారు. పాతది బాగానే ఉంది కదరా అంటే, దీని వెనకాల యు.ఎస్.బి. కన్నం ఉందమ్మా, అదీ విశేషం అన్నాడు. ఆ కన్నానికి హార్డ్ డిస్కు తగిలిస్తే అందులో ఉన్న ఫొటోలూ సినిమాలూ ఇంట్లో ఎవరి ఫోనులో వాళ్ళు, ఎవరి గదిలో వాళ్ళు చూసుకోవచ్చట. "ఇంటికంతటికీ ఒక ఉమ్మడి అటక అనుకో" అని వాడి భాష నా భాషలోకి మార్చి చెప్పాడు.

అటక అనగానే నాకు గుండె గుభేలుమంది. అటకెక్కినది మళ్ళీ తిన్నగా కిందికి దిగిన ఇల్లు ఎక్కడైనా ఉంటే చెప్పండి. అయినా పిల్లాడు సరదాపడి తెచ్చాడు, కాదనడమెందుకు? "ఖాళీ డిస్కు ఏదైనా ఉందామ్మా ఇంట్లో?" అని అడిగాడు.

ఉంది. నా బీరువాలో పట్టుచీరల కింద ఉంది. కాకపోతే ఖాళీది కాదు.

అది మా ఆడపడుచుది. రాజమండ్రిలో పంతులమ్మగా చేసేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో మా అత్తవారింట్లో ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. రెండేళ్ళ కిందట జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాత్రిళ్ళు నేనే పక్కన పడుకునేదాన్ని. ఒక రాత్రి చెయ్యి పట్టుకుని, "వదినా, నా బీరువాలో చిన్న నల్లడబ్బా ఉంటుంది. కంప్యూటరుకి తగిలించేది. అందులో ఉన్నదంతా చెరిపించెయ్యి. నువ్వు చూడకు. అన్నయ్యని చూడనివ్వకు" అంది. "అలాగేనమ్మా, దాని గురించి బెంగపెట్టుకోకు, పడుకో" అన్నాను.

ఆస్పత్రి మంచం పక్కన అనే 'అలాగే'లు ఎన్ని రకాలో మీకు తెలియనివా? లేస్తే తిరుపతి వెడదామన్నా అలాగే. ఇంటికి తీసుకుపొమ్మన్నా అలాగే. చందమామ కావాలని ఏడ్చే పిల్లకి చెప్పినట్టే చెబుతాం. నేనూ ఆ వరసలోనే అన్నానేమోనని తరవాత చాలాసార్లు నన్ను నేను అడుగుకున్నాను. కాదు. చెప్పొద్దూ, అప్పుడు ఆవిడ మొహంలోకి చూసే అన్నాను. అన్న తరవాత ఆవిడ నిజంగానే నిద్రపోయింది.

పోయాక ఆ డబ్బా తెచ్చుకున్నాను గానీ ఏమీ చెయ్యలేదు. నాకు చెరపడం రాదు. వచ్చినవాణ్ణి అడిగితే ముందు తెరిచి చూస్తాడు. అదొక్కటే కారణమా అంటే అదీ కాదు. మనిషివి మిగిలినవే నాలుగు వస్తువులు, అందులో ఒకటి నా చేత్తో ఖాళీ చెయ్యడానికి చేతులు రాలేదు.

ఇంతలో మావాడు ఖాళీ డిస్కు అడిగాడు. "ఇదుంది, ఇందులో పనికొచ్చేవేమీ లేవు, చెరిపేసి వాడుకో" అన్నాను. పుణ్యమూ పురుషార్థమూ రెండూ ఒక్కసారే కలిసొచ్చాయని లోపల్లోపల సంతోషించాను కూడాను. ఆ సంతోషం చూసి అప్పుడే అనుమానపడవలసింది.

డిస్కు తగిలించి, కంప్యూటరులో 192.168.1.1 అని ఏదో చిరునామా కొట్టాడు. అది రౌటరుగారి సొంత ఇంటి నంబరట. డిస్కు పేరు కనిపించింది గానీ, దాన్ని ముట్టుకోనంది రౌటరు. ఎందుకట అంటే, డిస్కుల్లో కూడా మన ఇళ్ళలో లాగే మడీ ఆచారాలూ ఉన్నాయి. కిటికీల కంపెనీవారి కంప్యూటర్లకి ఎన్.టి.ఎఫ్.ఎస్. అనే పద్ధతి. కొన్ని రౌటర్లు దాన్ని రానిస్తాయి, మాది రానివ్వలేదు. ఎవరికైనా సరిపడే పాత పద్ధతి ఒకటుంది, ఫ్యాట్ 32. కానీ అందులో ఒక్కొక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, మావాడి పెళ్ళి వీడియో దాటింది. (అయిదు రోజుల పెళ్ళి కాదు, ఒక పూట పెళ్ళే.) రౌటరు లోపల నడిచేది లినక్స్ కాబట్టి దానికి సొంతమైన ఇ.ఎక్స్.టి. 4 పద్ధతిలోకి మార్చడమే మేలన్నాడు. అలా మార్చడాన్నే ఫార్మాట్ అంటారు. మారిస్తే పాతవన్నీ పోతాయి, సరేనా అని తెరమీద అడిగింది. "నువ్వే నొక్కమ్మా, కొత్త అటకకి శంకుస్థాపన" అన్నాడు నవ్వుతూ.

నొక్కాను. నిమిషం పట్టలేదు. ఆవిడకి ఇచ్చిన మాట నిమిషంలో తీరిపోయింది. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది నాకు.

పెళ్ళి ఫొటోలన్నీ అందులోకి ఎక్కించి, పాస్‌వర్డు పెట్టి (పెట్టకపోతే మన వైఫై అడిగి పుచ్చుకున్న ప్రతి చుట్టమూ మన అటక వెతకొచ్చట, మీ ఇంట్లోనూ చూసుకోండి), మావాడు బెంగుళూరు వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి మావారు దుమ్ము దులుపుతూ ఆ డబ్బాని తిరగేశారు. అడుగున చిన్న కాగితం చీటీ, దానిమీద చెల్లెలి పేరూ, బడి పేరూ, ఆవిడ దస్తూరీలో. పంతులమ్మ కదా, స్కేలుకి కూడా పేరు రాసుకునే మనిషి.

"ఇది దానిదా? ఇందులో ఏమున్నాయి?" అన్నారు. "చెరిపేశాం" అన్నాను. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. కాసేపటికి, "దాని గొంతు నా దగ్గర ఒక్కటీ లేదు. పిల్లలచేత పాటలు పాడించేది, రికార్డు చేసేది. ఇందులో ఉండేవేమో" అన్నారు.

వెంటనే కొడుక్కి ఫోను. వాడు చెప్పింది విని నాకు కాళ్ళాడలేదు. "కంగారుపడకండి నాన్నా. ఫార్మాట్ చేశామే గానీ లోపలివన్నీ పోయుండవు. ముందు ఆ డిస్కు పీకి పక్కన పెట్టండి."

అసలు సంగతేమిటంటే, త్వరగా చేసే ఫార్మాట్ డిస్కునంతా తుడవదు. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టీని తీసేసి కొత్త పట్టీ పెడుతుంది, అంతే. మన వంటింటి లెక్కలో చెప్పాలంటే, ఊరగాయ జాడీల మీద చీటీలన్నీ పీకేసి "జాడీలన్నీ ఖాళీ" అని కాగితమ్మీద రాసుకోవడం. మాగాయ మాగాయగానే ఉంటుంది, ఆవకాయ ఆవకాయగానే ఉంటుంది. రౌటరు మటుకు అవి ఖాళీవనుకుని కొత్తవి అందులో పోస్తుంది. పోసినంత మేరా పాతది పోతుంది. మా పెళ్ళి ఫొటోలు పోసింది ఎంతని? డిస్కుమీద వెయ్యి జీబీలని రాసి ఉంది. (కంప్యూటరుకి తగిలిస్తే 931 చూపిస్తుంది. తయారుచేసేవాళ్ళు వెయ్యిలతో లెక్కపెడతారట, కంప్యూటరు 1024 లతో లెక్కపెడుతుందట. ఎవరి తూకం వారిది.) మేం నింపింది అందులో ఓ మూల. తక్కిన జాడీలన్నీ పదిలంగానే ఉన్నాయన్నమాట. అంటే నేను ఆవిడకిచ్చిన మాట కూడా అక్కడే, తీరకుండా ఉంది.

"వెతికి తీసే సాఫ్ట్‌వేర్లున్నాయి, దీపావళికి వచ్చి చూస్తాను. అయితే పేర్లు పోతాయి నాన్నా. నంబర్లతో వస్తాయి. ఏది ఏదో తెరిచి చూస్తేగానీ తెలీదు" అన్నాడు. అదీ చిక్కు. పాట ఒక్కటే తీసుకుని తక్కినవి వదిలేద్దామంటే కుదరదు. వద్దన్నవి చూస్తేగానీ కావలసింది దొరకదు.

రెండు రోజులు నేను నోరు విప్పలేదు. విప్పితే ఒక తంటా, విప్పకపోతే ఒకటి. "అన్నయ్యని చూడనివ్వకు" అందని చెబితే, అన్నయ్యకి తెలియకూడనిది ఒకటి ఉందని చెప్పినట్టే. అది సగం బయటపెట్టడం కాదూ?

పక్కింటి పిన్నిగారితో ఎవరి సంగతో అన్నట్టు చెప్పి చూశాను. "పోయినావిడ వచ్చి అడుగుతుందా ఏమిటే, ఉన్నవాళ్ళ ఏడుపు చూడాలి గాని" అన్నారావిడ. తేలిగ్గా కొట్టెయ్యదగ్గ మాట కాదది. ఆయన రాత్రిళ్ళు లేచి కూర్చోవడం నా కళ్ళముందరి సంగతి. చెల్లెలి మాట నా చెవిలో ఒక్కదానిలోనే ఉన్న సంగతి. ఏది బరువు?

పైగా మనకి దాచుకోవడం గొప్ప, చెరపడం పాపం. బ్రౌన్ దొర కడపలో పండితులని పెట్టి తాటాకు గ్రంథాలు వెతికించి, ప్రతులు రాయించకపోతే ఎన్ని పోయేవో అని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. దేశం కాని దేశంలో కాఫ్కా అనే రచయిత ఉండేవాడు. 1924 లో పోయాడు. తన రాతలన్నీ చదవకుండా తగలబెట్టమని స్నేహితుడు మాక్స్ బ్రాడ్‌కి చీటీ రాసిపెట్టాడు. బ్రాడ్ తగలబెట్టలేదు సరిగదా, మరుసటి ఏడే అచ్చువేయించడం మొదలుపెట్టాడు. లోకమంతా ఆయనకి దణ్ణం పెట్టింది. ఇది గుర్తొచ్చి నాకు కాస్త ధైర్యం వచ్చిన మాట నిజం.

కాని బ్రాడ్ ఇంకోమాట కూడా చెప్పుకున్నాడు. కాఫ్కా బతికుండగానే, నువ్వలా రాసినా నేను తగలబెట్టను సుమా అని మొహంమీదే చెప్పాడట. చెప్పాక కూడా కాఫ్కా ఇంకొకరికి అప్పగించుకోలేదు. నేను అలా చెప్పలేదే! అలాగేనన్నాను. అన్నందుకే ఆవిడ ఇంకెవరికీ చెప్పుకోలేదు, లేచి తనే చెరుపుకోనూలేదు. తాటాకులు రాసినవాళ్ళూ చెరిపెయ్యమని బ్రౌన్ దొర చెయ్యి పట్టుకోలేదు.

పోయినావిడ వచ్చి అడగదు, నిజమే. బతికున్న మనిషికి మాట తప్పితే తిడుతుంది, అలుగుతుంది, ఎప్పటికో పోనీలే అంటుంది. లేదూ, "నేనే మనసు మార్చుకున్నాను, అన్నయ్యని చూడనీ" అనొచ్చు. పోయినావిడకి ఆ ఒక్క అవకాశమూ లేదు. ఆవిడ బదులు మనసు మార్చుకోవడానికి నేనెవర్ని?

మూడోనాడు అన్నం పెట్టాక చెప్పేశాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "నువ్వు చూశావా?" అన్నారు. లేదన్నాను. "దాని దగ్గర నాకంటే నీకెక్కువ చనువా?" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. మీరు రాత్రిళ్ళు ఆస్పత్రిలో ఎన్నాళ్ళున్నారండీ అని అడగబోయి ఊరుకున్నాను. అడగనందుకు ఇప్పటికీ సంతోషంగానే ఉంది. రెండు రోజులు మా ఇంట్లో కాఫీ గ్లాసుల చప్పుడే తప్ప మాటల్లేవు.

ఆ రెండో రోజు రాత్రే నా ఫోను వెతుక్కున్నాను. ఆడపడుచు నాకు పంపినవి ఏమీ చెరపలేదు నేను. పైకి పైకి వెడితే, జబ్బు పడకముందుది, ముప్ఫై సెకన్ల మాట ఒకటి కనిపించింది. "వదినా, గోంగూర పచ్చడికి మెంతులు ఎంత వేస్తావు? పోయినసారి చేదొచ్చింది. అన్నయ్య వింటే నవ్వుతాడు, చెప్పకు." వెనకాల కుక్కరు కూత. తీసుకెళ్ళి ఆయన చెవి దగ్గర పెట్టాను. ఒకసారి విన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. ఇలా నాలుగుసార్లు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పొద్దున్న ఆయనే కొడుక్కి ఫోను చేసి, "సాంతం చెరిపేదేదో చెప్పరా" అన్నారు. వాడు ఎందుకని అడగలేదు, వాడి పెంపకం మీద నాకు కాస్త గర్వం కలిగింది. డిస్కు తీసి కంప్యూటరుకి తగిలించారు. ఇ.ఎక్స్.టి. 4 దానికి అర్థం కాదు కాబట్టి, ఫార్మాట్ చెయ్యమంటారా అని అదే అడిగింది. అక్కడ 'త్వరగా' అనే గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటుంది. మన తొందర దానికెలా తెలుసో! ఆ టిక్కు తీసేస్తే అప్పుడు డిస్కు పొడుగునా సున్నాలు రాసుకుంటూ పోతుంది. అంటే జాడీలన్నీ నిజంగా కడుగుతుందన్నమాట. గంటల పని. ఆయన కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. పన్నెండు శాతం, పదమూడు శాతం. ఎవరైనా ఆపుతారేమోనని ఇద్దరం చూసుకున్నాం గానీ ఎవరమూ ఆపలేదు. నలభై దగ్గర కాఫీ అడిగారు. అన్నాలు తిన్నాం. నూటికి నూరయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది.

నేను మాట నిలబెట్టుకున్నానో, నేను తప్పబోయింది ఆయన నిలబెట్టారో నాకింకా తెలియడం లేదు. అన్నయ్యకి చెప్పకు అన్న పచ్చడి సంగతి మటుకు చెప్పేశాను.

డిస్కు మళ్ళీ రౌటరుకి ఎక్కింది. అడుగునున్న చీటీని ఆయన పీకనివ్వలేదు. దీపావళికి వచ్చిన మావాడు పెళ్ళి ఫొటోలు తిరిగి ఎక్కించి, ఆ ముప్ఫై సెకన్ల గొంతుని కూడా నా ఫోనులోంచి అందులోకి మార్చాడు. అలాంటివి ఒక్కచోటే ఉంచకూడదమ్మా, డిస్కులు చెప్పకుండా చస్తాయి అని ఇంకో నకలు వాడి దగ్గర కూడా పెట్టుకున్నాడు. ఆ ఫైలుకి ఏం పేరు పెట్టాలని అడిగితే మావారు 'మెంతులు' అన్నారు.

అర చెంచా చాలని నేను అప్పుడు జవాబు చెప్పినట్టు గుర్తు. ఫోను చేసి చెప్పానేమో, అది ఎక్కడా లేదు.