24 కళ్లు, మెదడు లేదు



"లోపల ఆత్మ లేకపోతే కంటితో చూసేదెవరు?" బౌద్ధులమయ్యాక మనల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. పరాయివాళ్లే కాదు, మన ఇంట్లో పెద్దవాళ్లూ అడుగుతారు. ఈసారి జవాబు సముద్రంలో వెతుకుదాం.

కరీబియన్ తీరంలో, మడచెట్ల వేళ్ల మధ్య ఒక జెల్లీఫిష్ బతుకుతుంది. పేరు ట్రైపెడాలియా సిస్టోఫోరా. ఒళ్లంతా కలిపి సెంటీమీటరు ఉంటుంది, అంతే. దాని గొడుగులాంటి దేహం చుట్టూ నాలుగు బుడిపెలు, ఒక్కో బుడిపెకు 6 కళ్లు, మొత్తం 24. కొన్నిటికి మన కంటికున్నట్టే కటకం ఉంది. బుడిపె అడుగున బరువైన స్ఫటికం వేలాడుతుంది గనక ఒళ్లు ఎటు తిరిగినా పై కన్ను ఆకాశం వైపే ఉంటుంది. నీళ్లలోంచే మడచెట్ల కొమ్మల్ని పోల్చుకుని అటు ఈదుతుంది. తిండి దొరికేది అక్కడే.

ఇన్ని కళ్లున్నా మెదడు మాత్రం లేదు. నరాల వల ఉంది, బుడిపెల్లో నాడీకణాలున్నాయి. పెత్తనం చేసేవాడంటూ ఎవడూ లేడు.

2023లో శాస్త్రవేత్తలు దాన్ని గుండ్రటి తొట్టిలో వదిలారు. తొట్టి గోడకి బూడిద, తెలుపు చారలు. బూడిద చార దానికి దూరంగా ఉన్న వేరులా కనిపిస్తుంది. మొదట్లో గోడకి గుద్దుకుంది. ఏడున్నర నిమిషాల్లోనే గుద్దుకోవడం సగానికి తగ్గింది. చూసినదాన్నీ తగిలినదాన్నీ కలిపి నేర్చుకుంది. మరి ఇందులో ఆత్మ ఎక్కడ కూర్చుంది?

సాతి అనే భిక్షువు, జాలరి కొడుకు, ఒకే విఞ్ఞాణం మారకుండా జన్మజన్మలకీ తిరుగుతుందని చెప్పుకుంటూ పోయాడు. బుద్ధుడు పిలిపించి గట్టిగానే మందలించాడు. కట్టెతో మండితే కట్టెమంట, గడ్డితో మండితే గడ్డిమంట. కన్నూ రూపమూ కలిస్తే చూపు తాలూకు ఎరుక. కారణాలు లేకుండా ఎరుక పుట్టదు.

ఇదేదో పండితుల తగువులే అనుకోకండి. మారని ఆత్మని ఒప్పుకున్న మరుక్షణం, "పోయిన జన్మ పాపానికే నువ్వు వాడలో పుట్టావు" అనే మాట దాని వెనకే గుమ్మంలోకి వస్తుంది. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఆత్మనీ పూర్వజన్మ కర్మనీ పట్టుబట్టి ఎందుకు తోసిపుచ్చారో ఇప్పుడు చూడండి. "మీరేమిటోళ్లు?" అని అడిగి గ్లాసు వేరే పెట్టే చెయ్యి కూడా అది ఎక్కడో నేర్చుకున్నదే, ఏ ఆత్మా మోసుకురాలేదు.

వచ్చే పౌర్ణమి వందనానికి పిల్లల్ని తీసుకురండి. సాతి కథ మీరే వాళ్లకి చెప్పండి.